ప్రోగ్రామింగ్ నేర్పే ఆట: ఆడపిల్లలు మూడో లెవెల్ దగ్గరే ఆపేస్తున్నారు, వాళ్లకు వేరే ఆట చెయ్యాలా?

జడ్చర్ల_మ్యాథ్స్

అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్, 8వ తరగతి. మొత్తం 44 మంది, ఆడపిల్లలు 24, మగపిల్లలు 20. ల్యాబులో నడిచే కంప్యూటర్లు 11. అన్నీ విండోస్ 10, 4 జీబీ ర్యామ్. నెట్ మీద నమ్మకం లేదు, అందుకే స్క్రాచ్ (బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) ఆఫ్‌లైన్ యాప్‌తోనే పని. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు.

లూపులు (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించడం), కండిషన్లు (ఫలానాది అయితేనే చేయించడం) నేర్పడానికి స్క్రాచ్‌లో చేసిన ఆట ఒకటి వాడుతున్నాం. బ్లాకులు పేర్చి రాకెట్టును రాళ్లకు తగలకుండా నడపాలి. లెవెల్‌కు 60 సెకన్ల టైమర్, మూడు ప్రాణాలు. గుద్దుకుంటే పెద్ద బజర్ మోగి ఎర్ర అక్షరాల్లో "తప్పు!" అని వస్తుంది. చివర్లో ఎవరికి ఎన్ని పాయింట్లో పేర్లు వరుసగా కనిపిస్తాయి.

మొదటి రెండు లెవెల్స్ అందరూ బాగానే ఆడుతున్నారు. మూడో దాంట్లో రిపీట్ (లూపు) బ్లాకు లోపల ఇఫ్ (కండిషన్) బ్లాకు వస్తుంది. అక్కడికొచ్చేసరికి ఆడపిల్లల్లో సగం పైగా మౌస్ పక్కవాళ్లకు ఇచ్చేసి చూస్తూ కూర్చుంటున్నారు. అదే లెక్క నోటుబుక్కులో ఇస్తే తప్పు లేకుండా చేస్తున్నారు.

ముగ్గులు, బతుకమ్మ పెట్టి ఆడపిల్లలకు వేరే ఆట చెయ్యమని స్టాఫ్‌రూమ్‌లో సలహా వచ్చింది. అది సరైన పద్ధతేనా? లేకపోతే ఇదే ఆటలో ఏం మార్చాలి? మార్చినంక అది పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

---

నల్లగొండ_డిజైనర్

మేడం, నోటుబుక్కులో వచ్చిన లెక్క తెర మీద రావట్లేదంటే లూపు అర్థం కాలేదని అనుకోవడానికి లేదు. ఆ లెవెల్‌లో ప్రయత్నం చేసి చూడటమే భారం అయింది. కొత్త బ్లాకు మొదటిసారి కనపడే చోటే 60 సెకన్లు, మూడు ప్రాణాలు పెట్టారు. "ఇది ఇక్కడ పెడితే ఏమైతుందో చూద్దాం" అనుకున్న పిల్లకు ఒక ప్రాణం పోతుంది, బజర్ మోగుతుంది, పదకొండు కంప్యూటర్ల వాళ్లూ తల తిప్పి చూస్తారు. చివరికి పేరు పట్టికలో అడుగున పడుతుంది. నలుగురిలో తప్పు చేస్తే ఏమంటారో అని ముందే జంకే పిల్లలు ఆ పరిస్థితిలో మౌస్ వదిలెయ్యడం మామూలే. వాళ్లలో నెమ్మదస్తులైన మగపిల్లలూ ఉంటారు, గమనించండి.

వేరే ఆట వద్దు. బొమ్మలు మార్చి లోపల అదే టైమర్, అవే ప్రాణాలు ఉంచితే ముగ్గుల దగ్గర కూడా పిల్లలు అట్లాగే ఆగిపోతారు. పైగా "ఇది ఆడపిల్లల ఆట" అని విడిగా పెడితే అసలు ఆట వాళ్లది కాదని మనమే చెప్పినట్టు. ముగ్గు ఇష్టం లేని ఆడపిల్లకు రెండు చోట్లా చోటుండదు.

అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో మార్గరెట్ బర్నెట్ బృందం సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటి అడ్డంకులు వెతకడానికి జెండర్‌మ్యాగ్ అనే పద్ధతి తయారు చేసింది. అందులో చూసేవి ఐదు: మనిషి దాన్ని ఎందుకు వాడుతోంది, కంప్యూటర్ విషయంలో తన మీద తనకు ఎంత నమ్మకం, మొత్తం చదివి మొదలుపెడుతుందా లేక కనపడ్డది నొక్కుకుంటూ పోతుందా, రిస్కు తీసుకుంటుందా, వరుసగా చెప్తే నేర్చుకుంటుందా లేక కెలికి నేర్చుకుంటుందా. ఆడవాళ్లు, మగవాళ్లు ఈ ఐదింటిలో సగటున కొంత తేడాగా ఉంటారు, కానీ రెండు వైపులా అన్ని రకాల వాళ్లూ ఉంటారు. మీ రాకెట్టు ఆట కెలికే వాళ్లకు, రిస్కుకు జంకని వాళ్లకు మాత్రమే అనుకూలం. మూడో లెవెల్‌ను ఒక్కో క్లిక్కు చొప్పున తీసుకుని, "ముందు చదివి తర్వాత నొక్కే పిల్లకు ఇక్కడ ఏం చెయ్యాలో తెలుస్తుందా? నొక్కినంక సరైన దారిలోనే ఉన్నానని తెలుస్తుందా?" అని అడుగుతూ పోండి. గంట పని. అడ్డంకులు వాటంతట అవే బయటపడతాయి.

మార్చాల్సినవి:

టైమర్ పూర్తిగా తియ్యకండి, మామూలు ఆటలోంచి తీసి లెవెల్ పూర్తయినంక "పరుగు పందెం" అనే బటన్ కింద పెట్టండి. ఇష్టమున్నవాళ్లు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, నొక్కుకుంటారు.

ప్రాణాలు తీసెయ్యండి. ప్రోగ్రామింగ్‌లో రన్ చేసి చూడటం పని, దానికి జరిమానా ఎందుకు? ఎన్నిసార్లు రన్ చేసినా పాయింట్లు తగ్గొద్దు.

బజర్ తప్పకుండా తీసెయ్యండి. "తప్పు!" బదులు ఎక్కడ ఏం జరిగిందో చెప్పాలి: "రాకెట్టు 4వ గడిలో రాయికి తగిలింది. 4వ గడికి వచ్చే ముందు ఏ బ్లాకు నడిచింది?" ఆ బ్లాకు పేరు కూడా చూపిస్తే ఇంకా మంచిది.

పేర్ల పట్టిక బదులు క్లాసు మొత్తానికి ఒకటే లెక్క, "8వ తరగతి ఇప్పటికి పూర్తి చేసినవి" అని. దాంతోపాటు ఎవరికి వాళ్లు పోయినసారి కంటే ఎన్ని తక్కువ బ్లాకులతో చేశారో చూసుకోవచ్చు.

తెర మీద మాటలు కూడా ఒకసారి చూడండి. "ఆటగాడు గెలిచాడు", "ప్లేయర్ 2 ఓడిపోయాడు" లాంటివి ఉంటే "నువ్వు గెలిచావు", "2వ జట్టు గెలిచింది" అని మార్చండి.

ఇంకొకటి. లక్ష్యం ఒక్కటే పెట్టకండి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కైట్లిన్ కెల్లెహర్ 'స్టోరీటెల్లింగ్ ఆలిస్' చేసింది. మామూలు ఆలిస్ కూడా బ్లాకులు లాగి ప్రోగ్రాం రాసేదే. దాంట్లో పాత్రలతో కథ నడిపే వీలు కల్పించి ఆరు నుంచి ఎనిమిదో తరగతి వయసు ఆడపిల్లలతో పోల్చి చూసింది. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కథ ఉన్నదాన్ని వాడినవాళ్లు ప్రోగ్రామింగ్ మీద 42 శాతం ఎక్కువ సమయం పెట్టారు. నేర్చుకోవాల్సిన లూపులు, కండిషన్లు రెండింట్లోనూ అవే. ఆ అమ్మాయిలకు "ఇది రాస్తే నాకేం వస్తుంది" అనేదానికి జవాబు దొరికింది. మీ ఆటలో రాళ్లు తప్పించడం తప్ప ఇంకో కారణం లేదు.

---

పాలమూరు_కోడర్

డిజైనర్ గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్న. ఇగ కోడ్ సంగతికొస్త. రాకెట్టును బాగుచేసే బదులు ఓనగుంటలు (వామనగుంటలు, ఒక గుంటల గింజలన్నీ ఎత్తి పక్క గుంటలల్ల ఒక్కొక్కటి పంచుకుంట పోయే ఆట) పెట్టండి మేడం. రూల్ పిల్లలకు ముందే తెలుసు, లేకపోతే ఇంట్ల అమ్మమ్మను అడిగితే రెండు నిమిషాల్ల చెప్తది. రూల్ తెలిసినప్పుడు బుర్రంతా లూప్ మీదనే పెట్టొచ్చు. రాకెట్టు ఆటల రూల్ కొత్తదే, బ్లాకు కొత్తదే, రెండూ ఒక్కసారి మీద పడతయి.

కట్టే తీరు ఇది. 'గింజలు' అని ఒక లిస్టు, 14 ఐటెంలు, ఒక్కోదాంట్ల 5. 'గుంట' (ఇప్పుడున్న గుంట నంబరు) ఒక వేరియబుల్, అంటే విలువ దాచుకునే పేరు; 'చేతిలో' ఇంకొకటి, 'మొత్తం' (అన్ని గుంటల గింజల కూడిక) మూడోది. వేరియబుల్ పేర్లు, మై బ్లాక్స్ (మనం చేసుకునే బ్లాకులు) పేర్లు తెలుగులనే పెట్టుకోవచ్చు, స్క్రాచ్ తీసుకుంటది. 'మొత్తం' ఎప్పుడూ తెర మీద కనపడాలె, అది ఎందుకో కింద చెప్త.

1వ లెవెల్: 3వ గుంట ఎత్తి 5 గింజలు పంచు. రిపీట్ 5.
2వ లెవెల్: ఏ గుంట ఎత్తినా పంచు. రిపీట్ 'చేతిలో'.
3వ లెవెల్: 12వ గుంట ఎత్తు. 14 దాటినంక మళ్ల 1కి రావాలె.
4వ లెవెల్: గింజలు అయిపోయిన చోట పక్క గుంటల గింజలుంటే అవి ఎత్తి పంచుడు సాగించు, ఖాళీ ఉంటే ఆగు. రిపీట్ అంటిల్ (అనుకున్నది అయ్యేదాక తిప్పు).
5వ లెవెల్: ఖాళీ గుంట అవతల ఉన్నవి నీకు వస్తయి. ఇది ఊరికొక తీరుగ ఆడతరు, మీ పిల్లలు ఎట్ల ఆడితే అట్ల రాయనియ్యండి. జంటలు తమ ఊరి రూల్‌ను కోడ్ చేసుడే అసలు ప్రాజెక్టు.

ఇగ ఎక్కడ చెడిపోతదో. 14 గుంటలు, ఐదేసి గింజలు, మొత్తం 70. పంచుడు అయినంక కూడా 70 ఉండాలె (5వ లెవెల్ నుంచి గెలుచుకున్నవి కూడా కలుపుకోవాలె). 'మొత్తం' విలువ చూసి ఏ తప్పు జరిగిందో పిల్లలే పట్టొచ్చు:

75 వచ్చిందంటే ఎత్తిన గుంటను ఖాళీ చెయ్యలే. ఐదు గింజలు అక్కడా ఉన్నయి, పంచుడూ అయింది.

65 వచ్చిందంటే 'చేతిలో'కి తీసుకునే ముందే గుంటను 0 చేసిన్రు. అప్పుడు రిపీట్ 0 సార్లు తిరుగుతది. తెర మీద ఏమీ కదలదు గనుక పిల్లలు "హ్యాంగ్ అయింది మేడం" అంటరు. కాలే. ముందు 'చేతిలో'ను సెట్ చేసి, తర్వాత గుంటను 0 చెయ్యాలె.

67 వచ్చిందంటే 3వ లెవెల్‌ల 12 నుంచి మొదలుపెట్టి ఉత్తగ 1 కలుపుకుంట పోయిన్రు. 13, 14 అయినంక 15, 16, 17. ఆ గుంటలు లెవ్వు, మూడు గింజలు పోయినయి. లేని ఐటెంను రిప్లేస్ చెయ్యమంటే స్క్రాచ్ ఎర్రర్ చూపియ్యది, ఊకుంటది. అందుకే 'మొత్తం' కనపడుతుండాలె.

69 వచ్చిందంటే మాడ్ బ్లాకు (భాగహారంల మిగిలే శేషం ఇచ్చేది) వాడిన్రు గని తప్పుగ వాడిన్రు. (గుంట + 1) మాడ్ 14 అని రాస్తే 13 తర్వాత 14 బదులు 0 వస్తది. స్క్రాచ్ లిస్టుల లెక్క 1 నుంచి మొదలైతది, 0వ గుంట లేదు, ఒక గింజ మాయం. సరైనది (గుంట మాడ్ 14) + 1. 12, 13, 14, 1, 2, 3 వస్తది. ఈ ఒక్క తప్పును వాళ్లంతట వాళ్లు పట్టుకున్న పిల్లలకు మాడ్ అంటే ఇగ మళ్ల చెప్పనక్కర్లే.

లూప్ లోపల 0.3 సెకను వెయిట్ పెట్టండి. లేకపోతే పంచుడు కండ్లకు కనపడది, ఒక్కసారే అయిపోయినట్టుంటది. అట్లనే "ఒక్క అడుగు" అని బటన్ పెట్టి, నొక్కినప్పుడు ఒకటే గింజ పడేటట్టు చెయ్యండి. డిజైనర్ గారు అన్న చదివి నొక్కే పిల్లలకు అదే పెద్ద ఆసరా.

టెక్స్ట్ టు స్పీచ్, ట్రాన్స్‌లేట్ ఎక్స్‌టెన్షన్ల జోలికి పోకండి, నెట్ లేకపోతే పనిచెయ్యవు. పెన్, మ్యూజిక్‌లకు నెట్ అక్కర్లే.

---

జడ్చర్ల_మ్యాథ్స్

75, 65, 67, 69 చూసి తప్పు పట్టడం చాలా బాగుంది, లెక్కల పీరియడ్‌లో కూడా వాడుకోవచ్చు. కానీ ఒక అనుమానం. ఓనగుంటలు అంటే మా దగ్గర మగపిల్లలు "ఆడోళ్ల ఆట" అంటారు. ముగ్గుల బదులు గింజలు పెట్టినట్టే కదా? ఇంకొకటి, ఆటలో దారి చెప్పే పాత్రగా ఒక అబ్బాయి బొమ్మ ఉంది. దాన్ని అమ్మాయిగా మారిస్తే సరిపోతుందా?

---

నల్లగొండ_డిజైనర్

అనుమానం సరైనదే మేడం. ఒక్క ఓనగుంటలే పెడితే ఆ ఇబ్బంది వస్తుంది. అందుకే ఒకే పాఠానికి మూడు వేషాలు పెట్టాలి. మూడింట్లో లెవెల్స్ వరుస, కష్టం, పాయింట్లు ఒకటే. ఒకటి ఓనగుంటలు. రెండోది బస్సు: మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ దారిలో స్టాపుల లిస్టు, ప్రతి స్టాపులో ఎక్కేవాళ్లు దిగేవాళ్లు. చివరి స్టాపు తర్వాత మళ్లీ మొదటికి రావడానికి అదే మాడ్ కావాలి, బస్సులో ఉన్నవాళ్ల లెక్క తప్పితే 'మొత్తం' పట్టిస్తుంది. మూడోది బోరు మోటరు: కరెంటు ఉంటే, ట్యాంకు నిండకపోతే నడవాలి, రెంటిలో ఏది తప్పినా ఆగాలి. 'అండ్', 'నాట్' నేర్పడానికి దీన్ని మించింది మన పల్లెల్లో లేదు. రిపీట్ అంటిల్ కూడా దాంట్లోనే వస్తుంది.

ఎవరికి ఏది ఇవ్వాలో మీరు పంచకండి. తెర మీద మూడు బొమ్మలు ఒకే సైజులో, ఒకే రంగు పట్టీతో పెట్టి, గ్రీన్ ఫ్లాగ్ (ఆట మొదలుపెట్టే బటన్) నొక్కినప్పుడల్లా వాటి చోట్లు పిక్ రాండమ్ (ఏదో ఒక అంకె ఇచ్చే బ్లాకు) తో మార్చండి. ఎప్పుడూ మొదట ఒకటే ఉంటే అదే అసలు ఆట, మిగతావి తోకలు అనిపిస్తుంది. రెండో వారం అందరూ వేషం మార్చుకోవాలని రూల్ పెడితే ఏ ఆటా ఒక గుంపు సొంతం కాదు.

పాత్ర సంగతి. అబ్బాయిని తీసి అమ్మాయిని పెడితే బొమ్మ మారుతుంది, సంబంధం మారదు. ఇద్దరిని పెట్టండి. ఒక లెవెల్‌లో ఆమె చిక్కుకుంటే అతను అడుగుతాడు, ఇంకో లెవెల్‌లో అతను చిక్కుకుంటే ఆమె అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు, "70 ఉండాల్సింది 69 ఎందుకైంది?" లాంటి ప్రశ్నలే అడుగుతారు. గొంతులు మీ పిల్లలవే రికార్డు చెయ్యండి, స్క్రాచ్‌లో మైక్ ఆప్షన్ ఉంది. ఆటగాళ్ల బొమ్మకు డిఫాల్ట్ పెట్టకండి. తెరవగానే అబ్బాయి కనపడి, అమ్మాయి కావాలంటే రెండు క్లిక్కులు కొట్టాల్సి వస్తే ఆ రెండు క్లిక్కుల్లోనే చెప్పాల్సింది చెప్పేశాం. కాస్ట్యూమ్ (బొమ్మ రూపం) నంబరును కూడా రాండమ్‌గా ఇస్తే సరి. మనుషులతో పాటు గువ్వ, ఎద్దు, తూనీగ లాంటివి ఒక నాలుగు పెట్టండి.

---

పోచంపల్లి_గ్రాఫ్

నాలుగో వేషం కావాలంటే చిటికి (ఇక్కత్ నేత) డిజైన్ తీసుకోండి. పుట్టపాక, పోచంపల్లి ఇళ్లల్లో ఆడ మగ అందరి చేతులూ పడే పని, కాబట్టి ఒక వైపు ముద్ర తక్కువ. గ్రాఫ్ పేపర్ మీద డిజైన్ గీసి, దాని ప్రకారం నూలు కట్లు కట్టి రంగులో ముంచి, తర్వాత మగ్గం మీద నేస్తారు. గడుల పని కాబట్టి లూప్ లోపల లూప్‌కు సరిగ్గా సరిపోతుంది.

స్క్రాచ్ తెర 480 × 360. గడి 20 పెడితే అడ్డంగా 24, నిలువుగా 18. 20 × 20 చతురస్రం స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) ఒకటి. ఎక్స్ -230, వై 170 దగ్గర మొదలు. బయటి రిపీట్ 18, లోపలి రిపీట్ 24. లోపల స్టాంప్ (బొమ్మ ముద్ర వెయ్యి), ఎక్స్‌కు 20 కలుపు. లోపలి లూప్ అయినంక ఎక్స్‌ను మళ్లీ -230కి సెట్ చేసి, వైకి -20 కలపాలి. స్టాంప్ బ్లాకు పెన్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది, ఎడమ కింది మూల బటన్‌తో దాన్ని ముందు చేర్చాలి. అది చెప్పకపోతే సగం పీరియడ్ బ్లాకు వెతకడానికే పోతుంది.

అందరూ చేసే తప్పు ఎక్స్‌ను వెనక్కు సెట్ చెయ్యడం మరిచిపోవడం. స్ప్రైట్‌ను స్క్రాచ్ తెర దాటి పూర్తిగా పోనివ్వదు, అందుకని మొదటి వరుస బాగా వచ్చి, మిగతావన్నీ కుడి అంచున ఒక నిలువు పట్టీగా పేరుకుంటాయి. ఇక్కడ "తప్పు" అనే మాట అక్కర్లేదు, బట్ట చూస్తేనే తెలిసిపోతుంది. రెండో తప్పు, వై మార్పును లోపలి లూప్‌లో పెట్టడం. అప్పుడు వరుస ఏటవాలుగా కిందికి జారుతుంది. ఆ జారుడు నచ్చి అట్లాగే ఉంచేసి డిజైన్ కట్టుకునే పిల్లలుంటారు, ఉంచనివ్వండి.

రంగులకు: (వరుస + నిలువు) మాడ్ 2 సున్నా అయితే ఒక కాస్ట్యూమ్, కాకపోతే ఇంకొకటి. చదరంగం గళ్లు వస్తాయి. మాడ్ 3, మాడ్ 4 మార్చి చూస్తే ఏటవాలు చారలు వస్తాయి. 432 గడులు నెమ్మదిగా పడతాయి, షిఫ్ట్ పట్టుకుని గ్రీన్ ఫ్లాగ్ నొక్కితే టర్బో మోడ్, వేగంగా పడతాయి.

---

మిర్యాలగూడ_ల్యాబ్

ఆట ఎంత బాగున్నా 11 కంప్యూటర్లకు 44 మంది అంటే ఒక్కో దాని ముందు నలుగురు. మౌస్ ఒకరిది, మిగతా ముగ్గురు ప్రేక్షకులు. ముందు అది సరిచెయ్యండి మేడం, లేకపోతే పై మార్పుల్లో ఏదీ కనపడదు.

క్లాసును రెండుగా చెయ్యండి. మొదటి పీరియడ్ 22 మంది కంప్యూటర్ల మీద, జంటకు ఒకటి. మిగతా 22 మంది కింద చార్టుల మీద. రెండో పీరియడ్ తారుమారు. ఆడపిల్లల జంటలు 12, మగపిల్లల జంటలు 10 అవుతాయి, ప్రతి సగంలో 6, 5. 8వ తరగతిలో ఆడ మగ కలిపి జంట కట్టాలని మొదట్లో పట్టుబట్టకండి, మౌస్ ఎవరి చేతికి పోతుందో మనకు తెలుసు. అనుభవం దాదాపు సమానంగా ఉన్నవాళ్లను జంట చెయ్యండి. బాగా వచ్చినవాళ్లను అసలు రానివాళ్లతో కలిపితే బాగా వచ్చినవాళ్లే చేస్తారు.

జంటలో ఒకరు మౌస్ పడతారు, ఇంకొకరు దారి చెప్తారు. దారి చెప్పేవాళ్లు మౌస్ ముట్టొద్దు, మౌస్ పట్టినవాళ్లు చెప్పకుండా కొత్త బ్లాకు లాగొద్దు. 40 నిమిషాల్లో కుదురుకోవడానికి 5, ఎనిమిదేసి నిమిషాలు నాలుగు వంతులు, చివర్లో నోటుబుక్కులో రాసుకోవడానికి 3. వంతు మారే గంట మీరు కొట్టండి, పిల్లల మీద వదిలేస్తే మారదు.

కింద కూర్చున్నవాళ్లకు చార్టు మీద 14 గుండ్రాలు, 70 చింతగింజలు, రెండు జంటలకు ఒక చార్టు. అంటే 6 చార్టులు, 420 గింజలు. అట్ట ముక్కల మీద బ్లాకులు రాయండి: "చేతిలోకి తీసుకో", "గుంట ఖాళీ చెయ్యి", "పక్క గుంటకు పో", "ఒకటి వెయ్యి", "అయిపోయేదాకా". ఒక జంట ముక్కలు పేరుస్తుంది, ఎదుటి జంట ముక్కలో ఉన్నది ఉన్నట్టు గింజలు కదుపుతుంది, సొంత తెలివి వాడొద్దు. పిల్లల్నే రోబోలుగా నిలబెట్టి నడిపించే ఆట చిన్న క్లాసులకు బాగుంటుంది. 8వ తరగతి ఆడపిల్లలు అందరి ముందు అట్లా నడవడానికి సిగ్గుపడతారు, గింజలైతే ఆ బాధ లేదు.

హోంవర్కుగా ఫోన్‌లో ఆడమని ఇవ్వకండి. ఇంట్లో ఫోన్ నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉంటుంది. సాయంత్రం ఆడపిల్లకు బిందెలు, బోళ్లు, తమ్ముడు ఉంటారు. వారం తిరిగేసరికి ఫోన్ దొరికిన మగపిల్లలు రెండు లెవెల్స్ ముందుంటారు, మళ్లీ మొదటికొస్తాం. పని పీరియడ్‌లోనే అయిపోవాలి. లెవెల్ పూర్తయితే ఒక నాలుగంకెల కోడ్ చూపించండి, నోటుబుక్కులో రాసుకుంటారు. మళ్లీ వచ్చినప్పుడు ఆస్క్ బ్లాకు అడుగుతుంది, ఆ కోడ్ కొడితే అక్కడి నుంచి మొదలు. ఏ కంప్యూటర్ దొరికినా పనికొస్తుంది. ఇంటికి పంపాలనుకుంటే అట్ట ముక్కలు పంపండి.

గోడలు కూడా చూడండి. సప్నా చెరియన్ అనే సైకాలజిస్టు బృందం 2009లో చూపించిన సంగతి ఇది: కంప్యూటర్ సైన్స్ గదిలో స్టార్ ట్రెక్ పోస్టర్లు, వీడియో గేమ్ డబ్బాలు లాంటివి ఉంటే అక్కడ కూర్చున్న ఆడవాళ్లకు ఆ సబ్జెక్టు మీద ఆసక్తి తగ్గింది. వాటి స్థానంలో ప్రకృతి పోస్టర్ల లాంటి మామూలు వస్తువులు పెట్టిన గదిలో కూర్చున్నవాళ్లకు అంత తగ్గలేదు. ఎవరూ ఒక్క మాట అనకుండానే. రాకెట్ల చార్టు పక్కన పిల్లలు చేసిన చిటికి ప్రింట్లు, ఓనగుంటల కోడ్ అతికించండి. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే లోగో భాష తయారు చేసినవాళ్లలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్‌జీగ్‌లతో పాటు సింథియా సాలమన్ ఉందని, 1967లో పుట్టిన ఆ భాషలో తర్వాత చేరిన తాబేలు బొమ్మ ఆలోచనే మన స్క్రాచ్ దాకా వచ్చిందని ఒక చిన్న చార్టు పెడితే ఇంకా మేలు.

---

పాలమూరు_కోడర్

పనిచేసిందా లేదా అన్న ప్రశ్న మిగిలింది. పాయింట్లు చూస్తే ఏం తెల్వది. రన్ ఎన్నిసార్లు కొట్టిన్రు, ఎక్కడ ఆపిన్రు, అది చూడాలె.

'చిట్టా' అని ఒక లిస్టు పెట్టి, రన్ నొక్కినప్పుడల్లా ఒక లైను చేర్చండి: జంట నంబరు, మౌస్ ఎవరి చేతిల (1 లేదా 2), లెవెల్, టైమర్ సెకన్లు, 'మొత్తం'. జాయిన్ బ్లాకు రెండింటినే కలుపుతది, ఒకదాంట్ల ఒకటి దూర్చి మధ్యల కామాలు పెట్టాలె. గంట కొట్టినప్పుడు పిల్లలు 1 గని 2 గని నొక్కితే మౌస్ మారినట్టు నమోదైతది. పీరియడ్ అయినంక తెర మీది లిస్టు మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్. టెక్స్ట్ ఫైల్ వస్తది, ఎక్సెల్‌ల తెరవొచ్చు. గ్రీన్ ఫ్లాగ్ కింద లిస్టులన్నిటికీ డిలీట్ ఆల్ పెట్టుడు అలవాటు గదా, 'చిట్టా'కు మాత్రం పెట్టకండి, మళ్ల ఫ్లాగ్ నొక్కంగనే అంత పోతది. పేర్లు రాయించకండి, జంట నంబరు చాలు. ఏ నంబరు ఎవరిదో మీ రిజిస్టర్‌ల ఉంటది.

చూడాల్సింది: 3వ లెవెల్‌ల మౌస్ చేతిల ఉన్నవాళ్లు 69 చూసినంక మళ్ల రన్ కొడుతున్నరా? కొడితే ఆట పనిచేస్తున్నట్టే, ఎన్నిసార్లైనా సరే. రెండు సార్లు కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఖాళీ ఉంటే ఆ లెవెల్ల సూచన చాల్లే. ఖాళీలు ఆడపిల్లల జంటల్లనే ఉంటే మళ్ల జెండర్‌మ్యాగ్ ప్రశ్నలు అడుక్కోవాలె, అందరికీ ఉంటే లెవెల్ కష్టమైంది, మధ్యల ఇంకో మెట్టు వెయ్యాలె.

నేర్చుకున్నరా అనేదానికి ముందొక్కసారి, తర్వాతొక్కసారి కాగితం మీద ఐదు ప్రశ్నలు. ఆటల లేని సందర్భం ఇవ్వండి: "ఈ కోడ్ నడిస్తే చివర్ల 'గుంట' ఎంత?" బదులు గోడ గడియారం ముల్లు, వారాల వరుస లాంటివి. 24 మందిల ఒక్క పిల్ల అంటే 4 శాతం, కాబట్టి శాతాలు చూసి తొందరపడకండి, ఒక్కొక్కరి కాగితం ముందు, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి.

---

జడ్చర్ల_మ్యాథ్స్

చాలా థాంక్స్ అందరికీ. వచ్చే వారం 3వ లెవెల్ వరకు ఓనగుంటలు, బస్సు రెండు వేషాలతో మొదలుపెడతాం. కోడర్ గారూ, ఒకటే సందేహం. టైమర్, పట్టిక తీసేస్తే తొందరగా పూర్తి చేసేవాళ్లు ఖాళీగా కూర్చుని గోల చేస్తారు కదా, వాళ్లకేం ఇవ్వాలి?

---

పాలమూరు_కోడర్

వాళ్లకు చెడిపోయిన కోడ్ ఇయ్యండి మేడం. సరిగ్గ నడిచే 4వ లెవెల్ ప్రాజెక్టును నాలుగు కాపీలు చేసి, ఒక్కోదాంట్ల పైన చెప్పిన తప్పుల్ల ఒకటి దాచి, ఎస్‌బీ3 ఫైళ్లుగ పెన్‌డ్రైవ్‌ల వేసి అన్ని కంప్యూటర్లల్ల పెట్టండి. 'మొత్తం' తెర మీద కనపడకుండ దాచి పెట్టండి, ఎప్పుడు చూడాలెనో వాళ్లే తేల్చుకోవాలె. అవి దొరికినంక, వాళ్లే ఒక కొత్త తప్పు దాచి పక్క జంటకు ఇయ్యాలె. తప్పు ఒక్క బ్లాకులనే ఉండాలె, నడిస్తే మొదటి పంచుడు వరకు బాగనే కనపడాలె. అట్ల దాచుడు కోడ్ రాసుడు కంటె కష్టం, పీరియడ్ అయిపోయేదాక లేవరు.